చివరి నిమిషంలో ఫౌల్ ఎప్పుడు చేయాలి, ఎప్పుడు చేయకూడదు: ఎన్‌సీఏఏ టోర్నమెంట్ ఆటకు ఆచరణ పద్ధతి

అమెరికా కాలేజీ క్రీడల సంఘం ఎన్‌సీఏఏ నడిపే బాస్కెట్‌బాల్ టోర్నమెంట్‌లో మార్చి వచ్చిందంటే 68 జట్లు బరిలో ఉంటాయి. ఓడితే ఇంటికే, రెండో అవకాశం ఉండదు. అందుకే ఆఖరి నిమిషంలో ఫౌల్ చేయాలా వద్దా అన్న ప్రశ్నకు సమాధానం ముందే సిద్ధంగా ఉండాలి. బెంచి మీద కూర్చుని జట్టును నడిపేవారు, కోర్టులో ఆడేవారు, పిల్లలకు ఆట నేర్పేవారు ఎవరైనా ఈ పద్ధతిని దశలవారీగా అలవాటు చేసుకోవచ్చు. కింద చెప్పేది పురుషుల ఆటలో రెండు 20 నిమిషాల అర్ధభాగాలు, 30 సెకన్ల షాట్ క్లాక్ (షాట్ వేయడానికి ఉండే గడువు) ఉన్న నియమాల ప్రకారం. మహిళల ఆటలో వచ్చే తేడాలు చివర్లో ఉన్నాయి.

మొదటి పని: నాలుగు నిమిషాలు ఉండగానే ఫౌల్స్ లెక్క చూడండి

స్కోరు, గడియారం అందరూ చూస్తారు. మీరు స్కోరర్ టేబుల్ వైపు చూసి రెండు జట్ల టీమ్ ఫౌల్స్ ఎన్నో కాగితం మీద రాసుకోండి. పక్కన మిగిలిన టైమౌట్లు కూడా రాయండి. 1993 ఫైనల్‌లో నార్త్ కరోలినా 73-71తో ముందుంది. 11 సెకన్లు మిగిలాయి. మిషిగన్ ఆటగాడు క్రిస్ వెబర్ లేని టైమౌట్ అడిగాడు. టెక్నికల్ ఫౌల్ పడింది. అవతలి జట్టుకు రెండు షాట్లు, పైగా బంతి కూడా దక్కాయి. ఆట 77-71తో ముగిసింది.

ఒక అర్ధభాగంలో మొదటి ఆరు టీమ్ ఫౌల్స్‌కు, షాట్ వేస్తున్నవాడి మీద చేస్తే తప్ప, ఫ్రీ త్రో ఉండదు, బంతి సైడ్ నుంచి ఇస్తారంతే. ఏడు, ఎనిమిది, తొమ్మిదో ఫౌల్స్‌కు వన్ అండ్ వన్: మొదటిది పడితేనే రెండోది. పదో ఫౌల్ నుంచి నేరుగా రెండు షాట్లు. బంతి చేతిలో ఉన్న జట్టు చేసే ఫౌల్ కూడా లెక్కలో చేరుతుంది, కానీ దానికి ఫ్రీ త్రో ఇవ్వరు. రెండో అర్ధభాగం ఫౌల్స్ ఓవర్‌టైమ్‌లోకి కూడా వస్తాయి.

ఏడు నుంచి తొమ్మిది దాకా ఉన్న ఆ మూడు ఫౌల్స్ వెనకబడ్డ జట్టుకు బంగారంతో సమానం. ఎందుకో లెక్క చూడండి. 70 శాతం వేసే ఆటగాడు రెండు షాట్లు వేస్తే సగటున 1.4 పాయింట్లు వస్తాయి. అదే వన్ అండ్ వన్ అయితే 1.19. అంతకన్నా ముఖ్యమైనది, ఒక్క పాయింటూ రాకుండా పోయే అవకాశం. రెండు షాట్లలో అది 9 శాతమే, వన్ అండ్ వన్‌లో ఏకంగా 30 శాతం. 60 శాతం వేసేవాడైతే 16కు బదులు 40 శాతం. కాబట్టి నాలుగు నిమిషాలు ఉండగా మధ్యకోర్టులో అనవసరంగా చేయి చాపి ఎనిమిదో ఫౌల్ తెచ్చుకున్నవాడిని వెంటనే పక్కకు పిలిచి చెప్పండి. ఆ ఫౌల్ ఆఖరి నిమిషంలో మీకు కావాలి.

1983లో నార్త్ కరోలినా స్టేట్ కోచ్ జిమ్ వల్వానో ఈ లెక్క మీదే ఆడించారు. అప్పట్లో పదో ఫౌల్‌కు రెండు షాట్ల నియమం లేదు, టోర్నమెంట్‌లో షాట్ క్లాకూ లేదు. ఫైనల్‌లో చివరి నిమిషం దగ్గర హ్యూస్టన్ ఆటగాడు ఆల్విన్ ఫ్రాంక్లిన్‌ను ఫౌల్ చేశారు. వన్ అండ్ వన్‌లో మొదటిది తప్పింది. ఆ తర్వాత లోరెంజో చార్ల్స్ డంక్‌తో 54-52. అదే సంగతి 2025 సెమీఫైనల్‌లో మళ్లీ కనబడింది. డ్యూక్ 67-66తో ముందున్నప్పుడు 20 సెకన్ల దగ్గర టైరీస్ ప్రాక్టర్ వన్ అండ్ వన్‌లో మొదటి షాట్ తప్పాడు. రీబౌండ్ కోసం ఎగిరిన డ్యూక్ ఆటగాడు కూపర్ ఫ్లాగ్ ఫౌల్ చేశాడని పిలిచారు. హ్యూస్టన్ ఆటగాడు జేవాన్ రాబర్ట్స్ రెండూ వేశాడు. 70-67తో హ్యూస్టన్ ఫైనల్‌కు వెళ్లింది.

వెనకబడ్డప్పుడు: ఫౌల్ మొదలుపెట్టే క్షణం

ఒకటి నుంచి మూడు పాయింట్లు వెనక ఉంటే ఆట గడియారానికీ షాట్ క్లాక్‌కూ మధ్య తేడా చూడండి. ఆటలో 39 సెకన్లు, షాట్ క్లాక్‌లో 30 ఉంటే, వాళ్లు మొత్తం సమయం వాడుకున్నా మీకు తొమ్మిది సెకన్లు మిగులుతాయి. నిలబడి గట్టిగా డిఫెన్స్ ఆడండి. పురుషుల ఆటలో టైమౌట్ తీసుకున్నా బంతి ముందుకు జరగదు, కోర్టు పొడవునా రావాలి. దానికే నాలుగు సెకన్లు పోతాయి. అందుకే తేడా ఆరు సెకన్లకు తగ్గితే ఫౌల్ చేయడం మేలు. తేడా ఆరు, ఎనిమిది మధ్య ఉంటే బంతి పట్టుకున్నవాడి ఫ్రీ త్రో శాతాన్ని బట్టి తేల్చుకోండి. షాట్ క్లాక్ ఆగిపోయేంత తక్కువ సమయం ఉంటే ఇక ఆలోచనే లేదు, ఫౌల్ చేయాల్సిందే.

నాలుగు నుంచి ఎనిమిది పాయింట్లు వెనక ఉంటే ఇంకా ముందే మొదలుపెట్టాలి. ఒక్కో చుట్టుకు ఫౌల్ చేయడానికి మూడు సెకన్లు, మీ దాడికి ఏడు సెకన్లు వేసుకుంటే నిమిషానికి ఆరు చుట్లు. ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. రెండు షాట్లకు వాళ్లకు సగటున 1.4 పాయింట్లు. మీరు వేసే త్రీ పాయింటర్ మూడింట ఒకటి పడితే మీకు సగటున ఒక పాయింటు. అంటే ఫౌల్ చేసిన ప్రతిసారీ సగటు లెక్కలో మీరే ఇంకొంచెం వెనక్కి పోతున్నారు. అయినా చేయక తప్పదు. బంతి చేతులు మారే సార్లు పెరిగితేనే మీకు అదృష్టం తిరిగే వీలుంటుంది.

అందుకే వాళ్లు బంతి లోపలికి వేసిన వెంటనే ఫౌల్ చేసేయకండి. మొదటి మూడు నాలుగు సెకన్లు బంతి లాక్కోవడానికే పెట్టండి. ఇన్‌బౌండ్ వేసేవాడికి ఐదు సెకన్లే ఉంటాయి, ముందు ఆ దారులు మూయండి. బంతి మూలకు వస్తే ఇద్దరు కలిసి బిగించండి. అది విడిపోయాకే ఫౌల్. 2016లో టెక్సస్ ఏ అండ్ ఎం జట్టు నార్తర్న్ అయోవా మీద 44 సెకన్లలో 12 పాయింట్లు సరిచేసి, రెండు ఓవర్‌టైమ్‌ల తర్వాత 92-88తో గెలిచింది. ఆ పుంజుకోవడం ఎక్కువగా ఇన్‌బౌండ్ దగ్గర బంతి లాక్కోవడం వల్ల వచ్చిందే. అవతలివాళ్లను ఫ్రీ త్రోలకు పంపుతూ కూర్చుంటే అన్ని పాయింట్లు అంత తక్కువ సమయంలో రావు.

చివరి నిమిషంలో బుట్ట పడగానే గడియారం ఆగుతుంది కాబట్టి, మీరు వేసిన ప్రతి పాయింటు తర్వాత ప్రెస్ (కోర్టంతా వెంటబడి ఆడే డిఫెన్స్) సర్దుకోవడానికి క్షణం దొరుకుతుంది. దాన్ని వాడుకోండి.

ఎవరిని ఫౌల్ చేయాలి

అవతలి జట్టు ఫ్రీ త్రో శాతాలు ఆటకు ముందే ఒక చీటీ మీద రాసి పెట్టుకోండి. ఐదుగురి నంబర్లు చాలు, తక్కువ వేసేవాళ్లు పైన ఉండాలి. ప్రెస్ అమరికే అలా పెట్టండి: మంచి షూటర్‌కు బంతి అందకుండా ముఖానికి ముఖం నిలబడండి, బలహీనుడిని కాస్త వదిలేయండి. బంతి వాడి చేతికి వస్తుంది, అక్కడ ఫౌల్ చేయండి.

అయితే బంతి లేనివాడిని దూరంగా పట్టుకుంటే అది ఫ్లాగ్రెంట్ వన్ (మామూలుకన్నా తీవ్రమైన ఫౌల్) కింద పోతుంది. రెండు షాట్లు, పైగా బంతి వాళ్లకే. మీ వైపు ఎవరు ఫౌల్ చేయాలన్నదీ ముందే తేల్చండి. నాలుగు వ్యక్తిగత ఫౌల్స్ ఉన్నవాడు ఐదోది చేస్తే బయటికే. త్రీ వేసేవాడిని అలా పోగొట్టుకోవద్దు.

చేతి పని: విజిల్ పడేలా, ఫ్లాగ్రెంట్ పడకుండా

నిర్ణయం సరైనదైనా ఇక్కడ చెడే ఆటలు ఎక్కువ. నడుము చుట్టూ రెండు చేతులు వేసి పట్టుకోవడం, జెర్సీ లాగడం, వెనక నుంచి వీపు మీద తోయడం, ఈ మూడూ రిఫరీకి ఫ్లాగ్రెంట్ వన్ పిలవడానికి దారి ఇస్తాయి. బంతి కోసం ప్రయత్నించినట్టు ఉండాలి, నిజంగా ప్రయత్నించాలి కూడా.

ఇలా చేయించండి. ఆటగాడు ఎదురుగా గానీ పక్క నుంచి గానీ రావాలి. మోకాళ్లు వంచి, బంతి ఉన్న చేతి వైపు దగ్గరి చేత్తో కింద నుంచి పైకి కాకుండా అడ్డంగా కొట్టాలి. బంతి తగిలితే మంచిదే, లేకపోతే మణికట్టుకో ముంజేతికో చప్పుడు వచ్చేలా తగలాలి. అదే అడుగుతో ఛాతీ అతని దారిలో పెట్టాలి. చేయి తగిలిన వెంటనే ఆగిపోయి రిఫరీ వైపు చూడకూడదు. విజిల్ వినబడలేదా, రెండోసారి కొట్టాలి. టైమౌట్‌లో ఉండగానే దగ్గరున్న రిఫరీతో "ఇప్పుడు ఫౌల్ చేస్తున్నాం సార్" అని మర్యాదగా ఒక మాట చెప్పి ఉంచండి. చూపు అటే ఉంటుంది.

2008 ఫైనల్‌లో జరిగింది ఇదే. కాన్సస్ మీద మెంఫిస్ 2:12 మిగిలి ఉండగా తొమ్మిది పాయింట్లు ముందుంది. చివరి 75 సెకన్లలో వేసిన ఐదు ఫ్రీ త్రోల్లో నాలుగు తప్పాయి. 10.8 సెకన్ల దగ్గర డెరిక్ రోజ్ రెండింట్లో ఒకటి వేసి 63-60 చేశాడు. మూడు పాయింట్ల తేడా, ఫౌల్ చేయాల్సిన ఘట్టం. చేయాలనే అనుకున్నామని మెంఫిస్ కోచ్ జాన్ కాలిపారి తర్వాత చెప్పారు. కానీ కాన్సస్ ఆటగాడు షెరాన్ కాలిన్స్ బంతితో పరుగెత్తుకొస్తుంటే తగిలిన చేయి విజిల్‌కు చాలలేదు. బంతి మారియో చాల్మర్స్‌కు చేరింది, 2.1 సెకన్ల దగ్గర త్రీ పడింది. ఓవర్‌టైమ్‌లో కాన్సస్ 75-68తో గెలిచింది.

మూడు పాయింట్లు ముందుంటే

అన్నిటికన్నా ఎక్కువ వాదన జరిగేది దీని మీదే. ఆరు సెకన్లు, అంతకన్నా తక్కువ మిగిలి, అవతలివాళ్లు బోనస్‌లో ఉంటే (మీ ఫౌల్స్‌కు వాళ్లకు ఫ్రీ త్రోలు వచ్చే దశ) ఫౌల్ చేయండి అన్నదే మా మాట. అందుకు ఒక చిన్న లెక్క వేసుకోండి, అంకెలు మీ ఆటగాళ్లను బట్టి మార్చుకోవచ్చు. ఫౌల్ చేయకపోతే, గట్టిగా కాపలా ఉన్న చివరి త్రీ నాలుగింట ఒకటి పడుతుందనుకుందాం. ఆట సమం, ఓవర్‌టైమ్‌లో చెరి సగం. అంటే ఓడే అవకాశం దాదాపు 12 శాతం. ఫౌల్ చేస్తే, వాళ్లు మొదటిది వేయాలి, రెండోది కావాలని తప్పాలి, రీబౌండ్ పట్టాలి, మళ్లీ బుట్టలో వేయాలి. 0.7ను 0.2తో, దాన్ని మళ్లీ 0.5తో గుణిస్తే 7 శాతం, అది కూడా సమం చేయడానికే. ఓడే అవకాశం 4 శాతం లోపు. రీబౌండ్ బయటికి అందించి త్రీ వేస్తే నేరుగా ఓడతారు కాబట్టి ఇంకొంచెం కలుపుకోండి. అయినా ఫౌల్ వైపే మొగ్గు ఉంటుంది.

పది సెకన్లు దాటి ఉంటే లెక్క మారుతుంది. వాళ్లు రెండూ వేసేస్తే తేడా ఒకటికి దిగుతుంది. తర్వాత మిమ్మల్ని ఫౌల్ చేస్తారు, మీరు తప్పితే రెండు పాయింట్ల బుట్టతోనే ఓడతారు. అంత ముందుగా మొదలుపెట్టకండి. మీ ఐదుగురూ 80 శాతం వేసేవాళ్లయితే ఎనిమిది సెకన్ల దాకా ఒప్పుకోవచ్చు.

ఫౌల్ ఎప్పుడు అన్నది సెకన్ల మాట. ఎలాంటి క్షణంలో అన్నది కాళ్ల మాట. బంతి పట్టుకున్నవాడు బుట్టకు వీపు పెట్టి ఉన్నప్పుడు, బంతి నడుము కిందికి వచ్చినప్పుడు, డ్రిబుల్ చేస్తూ సగం గీత దాటుతున్నప్పుడు చేయాలి. రెండు చేతులూ బంతి మీదికి వచ్చి భుజాలు బుట్ట వైపు తిరిగాయంటే సమయం మించిపోయింది, అక్కడ చేయి వెనక్కి తీసుకోండి. తెలివైన ఆటగాడు ఫౌల్ వస్తుందని గ్రహించి, ఎంత దూరం నుంచైనా బంతి పైకి విసురుతాడు. దానికి మూడు షాట్లు ఇస్తారు. 2019 సెమీఫైనల్‌లో ఆబర్న్ రెండు పాయింట్లు ముందుంది. త్రీ వేస్తున్న వర్జీనియా ఆటగాడు కైల్ గై మీద 0.6 సెకన్ల దగ్గర ఫౌల్ పడింది. మూడూ వేశాడు, 63-62. త్రీ షూటర్ దిగే చోటు వదిలిపెట్టడం ఎంత ముఖ్యమో ఆటగాళ్లకు ఆ ఒక్క దృశ్యం చూపిస్తే చాలు.

వాళ్లు ఇంకా బోనస్‌లోకి రాకపోతే సంగతి వేరు. అప్పుడు మీ దగ్గరున్న ఫౌల్స్ సమయం తినడానికి పనికొస్తాయి. ప్రతి ఫౌల్‌కూ రెండు మూడు సెకన్లు కరుగుతాయి, వాళ్లు మళ్లీ సైడ్ నుంచి మొదలుపెట్టాలి. మీకు ఏడో ఫౌల్ అవుతుంటే మాత్రం గుర్తుపెట్టుకోండి: వన్ అండ్ వన్‌లో మొదటి షాట్ తప్పినా బంతి ఆటలోనే ఉంటుంది, మూడు వెనక ఉన్నవాళ్లు రీబౌండ్ పట్టి త్రీ వేయగలరు.

ఆ రెండో ఫ్రీ త్రో

ఫౌల్ పడగానే ఈ పని మొదలవ్వాలి. పొడుగువాళ్లను దించండి. లేన్ (ఫ్రీ త్రో గీతకూ బుట్టకూ మధ్య ఉన్న చోటు) దగ్గర మీవాళ్లు నలుగురు, వాళ్లవాళ్లు ఇద్దరు నిలబడతారు. బుట్టకు దగ్గరి రెండు స్థానాలూ మీవే. షూటర్ చేతి నుంచి బంతి వదలగానే లేన్‌లో ఉన్నవాళ్లు కదలవచ్చు, షూటర్ మాత్రం బంతి రింగుకు తగిలేదాకా ఆగాలి. కావాలని తప్పేవాడు బంతిని బల్లపరుపుగా, వేగంగా రింగు ముందు అంచుకు కొడతాడు. ఆ బంతి దగ్గర పడదు, తిరిగి దూరంగా ఎగిరిపోతుంది. రింగుకు తగలకపోతే బంతి మీదే.

అందువల్ల లోపలి ఇద్దరూ పైకి ఎగరడం కన్నా ముందు వెనక ఉన్నవాడిని తుంటితో బయటికి నెట్టి పట్టి ఉంచాలి. మూడోవాడు షూటర్ ముందుకు రెండడుగులు వేసి అతన్ని అడ్డుకోవాలి. ఇది మరిచిపోయే జట్లు చాలా. ఐదోవాడు త్రీ పాయింట్ గీత దగ్గర ఉండి, బయటికి తట్టేసిన బంతి వచ్చే చోట కాపలా కాయాలి.

2019 మార్చి 30న పర్డ్యూ, వర్జీనియా ఆట గుర్తు చేసుకోండి. పర్డ్యూ 70-67తో ముందుండి, 5.9 సెకన్ల దగ్గర ఫౌల్ చేసింది. లెక్క ప్రకారం సరైన పనే. టై జెరోమ్ మొదటిది వేశాడు, రెండోది తప్పింది. మమాది డియాకిటే ఆ బంతిని వెనక్కి తట్టాడు. అది సగం గీత దాటి తన జట్టు వైపే దొర్లిపోయింది. కిహే క్లార్క్ పరుగెత్తి పట్టుకుని, ముందున్న డియాకిటేకి పొడుగు పాస్ ఇచ్చాడు. చివరి క్షణంలో షాట్ పడింది, 70-70. ఓవర్‌టైమ్‌లో వర్జీనియా 80-75. ఫౌల్ చేయడం తప్పని ఈ ఆటను చూపేవాళ్లున్నారు. నాకైతే బయటికి తట్టేసిన బంతి వెనక పరుగెత్తేవాడినీ, పాస్ అందుకునేవాడినీ ఎవరు చూసుకోవాలో ముందే పేర్లతో చెప్పి ఉంచాలన్నదే దీని పాఠంగా కనిపిస్తుంది.

రీబౌండ్ మీకు దొరికితే రెండు చేతులతో గడ్డం కింద పెట్టుకుని మోచేతులు బయటికి పెట్టండి. తోటివాడు ముందు ఖాళీగా ఉంటేనే పాస్ ఇవ్వండి.

ఒకటి, రెండు పాయింట్లు ముందున్నా, సమంగా ఉన్నా

ఫౌల్ చేయకండి, అంతే. రెండు షాట్లు వాళ్లను ముందుకు తెస్తాయి. 1989 ఫైనల్ ఓవర్‌టైమ్‌లో సెటన్ హాల్ 79-78తో ముందున్నప్పుడు మూడు సెకన్ల దగ్గర ఫౌల్ పడింది. మిషిగన్ ఆటగాడు రూమియల్ రాబిన్సన్ రెండూ వేసి కప్పు తీసుకెళ్లాడు. బోనస్ రాకముందు ఫౌల్స్ మిగిలి ఉంటే మాత్రం, షాట్‌కు ముందు, సుమారు నాలుగైదు సెకన్ల దగ్గర ఒకటి వాడి వాళ్ల దాడిని చెడగొట్టవచ్చు.

ముందున్న జట్టు చేయాల్సిన పని

మీరు ముందుంటే వాళ్లు మిమ్మల్ని ఫౌల్ చేస్తారు. ఫ్రీ త్రో బాగా వేసే ఐదుగురినే కోర్టులో ఉంచండి. డిఫెన్స్ వచ్చినప్పుడు మార్చుకోండి. వాళ్లు బుట్ట వేశాక ఇన్‌బౌండ్ వేసేవాడు ఎండ్‌లైన్ పొడవునా కదలవచ్చు, ఒకేచోట నిలబడిపోకూడదు. ఐదు సెకన్లలో బంతి వదలలేక ఇరుక్కుంటే వాడటానికి ఒక టైమౌట్ చివరిదాకా దాచుకోండి. పాస్ అందుకోగానే మూలకు డ్రిబుల్ చేయవద్దు, మధ్యలోనే ఉండండి.

మహిళల ఆట, మన యూనివర్సిటీ ఆటలు

ఎన్‌సీఏఏ మహిళల ఆటలో నాలుగు 10 నిమిషాల క్వార్టర్లు. ప్రతి క్వార్టర్‌లో ఐదో టీమ్ ఫౌల్ నుంచి నేరుగా రెండు షాట్లు, వన్ అండ్ వన్ లేదు. లెక్క క్వార్టర్ క్వార్టర్‌కూ కొత్తగా మొదలవుతుంది. చివరి నిమిషంలో టైమౌట్ తీసుకుంటే బంతిని ముందుకు తెచ్చుకోవచ్చు. అందువల్ల వెనకబడ్డప్పుడు గడియారాల తేడా నాలుగైదు సెకన్లున్నా డిఫెన్స్ ఆడవచ్చు.

ఆంధ్ర, తెలంగాణ యూనివర్సిటీ జట్లు ఆడే అంతర్ విశ్వవిద్యాలయ పోటీలు అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫిబా నియమాలతో సాగుతాయి. అక్కడా క్వార్టర్‌కు ఐదో ఫౌల్ నుంచి రెండు షాట్లే. బంతి కోసం కాకుండా చేసిన ఫౌల్‌ను అన్‌స్పోర్ట్స్‌మన్‌లైక్ అంటారు: రెండు షాట్లు, బంతి కూడా. చివరి రెండు నిమిషాల్లో, ఇన్‌బౌండ్ వేసేవాడి చేతి నుంచి బంతి వదలకముందే లోపల ఫౌల్ చేస్తే ఒక ఫ్రీ త్రో, బంతి కూడా వాళ్లకే. కాబట్టి అక్కడ బంతి వదిలాకే చేయి వేయండి.

సాధన ఇలా పెట్టండి. వారానికి రెండుసార్లు, పావుగంట చాలు. బోర్డు మీద స్కోరు, సెకన్లు, టీమ్ ఫౌల్స్ రాసి ఐదుగురి చేత గట్టిగా చదివించండి, ఏం చేయాలో వాళ్ల నోటే చెప్పించండి. తర్వాత ఆ ఐదు సెకన్లూ నిజంగా ఆడించండి. విజిల్ మీ చేతిలో పెట్టుకుని, మొదటి తాకిడికి కావాలనే ఊదకండి. రెండోసారి కొట్టినవాడికే ఊదండి.